తన్నని తుపాకి

"దీనికి సైలెన్సర్ బిగించు. మెకానికల్ స్టూడెంటువేగా!" అన్నారు వీరరాఘవులు, వేట రైఫిల్‌ను, దాని గొట్టానికి బిగించే ఒక రంధ్రాల ఇనుప ముక్కను బేస్‌మెంట్‌లోని బల్లమీద పెట్టి. ఆయన వాటర్లూలో సాఫ్ట్‌వేర్ మేనేజర్. ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేది ప్రణీత్.

"సైలెన్సర్ పెడితే ఈ దేశంలో జైలే అంకుల్. మీరు తెచ్చింది మజిల్ బ్రేక్. ఇది పెడితే తుపాకి భుజాన్ని తన్నదు. పక్కనున్నోళ్లకే మోత ఎక్కువైతది."

"పక్కవాళ్ల సంగతి మనకెందుకయ్యా?"

ప్రణీత్ గొట్టం చివరి మరలకు బ్రేక్‌ను ఎక్కించి, రంధ్రాలు రెండు పక్కలకూ తిరిగేలా సరిచూసి, రెంచితో బిగించాడు.

మర్నాడు ఒక స్నేహితుడి పొలంలో వీరరాఘవులు ప్రణీత్‌ను పక్కన నిలబెట్టుకున్నారు. చెవులకు రక్షణగా తెచ్చిన ఒక్క హెడ్‌సెట్‌ను తానే పెట్టుకుని పేల్చారు.

"అస్సలు తన్నలేదోయ్!" అని మురిసిపోయారు. కారెక్కాక అసలు సంగతి చెప్పారు.

"స్టూడెంట్లు ఎక్కువయ్యాక అద్దెలు డబుల్ అయ్యాయి. నెలాఖరుకి ఖాళీ చెయ్యి. కొత్తవాళ్లకిస్తా."

ప్రణీత్ చెవికి చెయ్యి ఆనించాడు. "ఏంటంకుల్? వినబడ్తలేదు."

ఆయన అరిచి చెప్పారు. అయినా వినబడలేదు.

వేసవి వచ్చింది. పైన వంటింట్లో ఆంటీ "బిర్యానీ మిగిలింది" అని మెల్లగా అన్నా ప్రణీత్ మెట్లెక్కి వస్తున్నాడు. ఖాళీ చెయ్యమన్న మాట మాత్రం ఇంకా వినబడటం లేదు.