తాళాల చప్పుడు

వయసు మళ్లాక అక్షరాలు నేర్చాను. తప్పులకూ, నా నిదానానికీ మన్నించండి.

“పాతది మంచిగనే ఉండె గద. మార్సుడెందుకు?” భూదమ్మ నిలదీసింది.

కోరుట్లలోని తన దుకాణంలో ఫరూఖ్, భూదమ్మ ఇంటి టర్న్‌టేబుల్‌కు కొత్త టోన్‌ఆర్మ్ బిగిస్తున్నాడు. రికార్డు మీద ముల్లును మోసే ఆ సన్నటి కడ్డీకి అంత ధరా? సిరిసిల్లలో ముప్పై ఏళ్లు మరమగ్గాల హోరులో సాంచలు నడిపిన భర్త రాజమల్లును ఇతను నిలువునా ముంచుతున్నాడని ఆమె అనుమానం.

“నేను మార్సుమన్ననా వదినా? భజనల తాళాలు వినవడ్తలేవని అన్ననే అన్నడు.”

“నువ్వు నూరిపోసిందే ఈయన నోట్లకెల్లి అస్తది.”

ఫరూఖ్ రికార్డు పెట్టాడు. భజన మొదలైంది. తాళాలు గల్లుగల్లుమన్నాయి.

“పాతదాంట్ల గూడ గిట్లనే మోగినయి!” అంది భూదమ్మ, దొంగను పట్టినట్టు.

రాజమల్లు తల అడ్డంగా ఊపాడు. “గీదాంట్ల గూడ తాళాలు లేవు. పైసలెక్కువైనా సరే, ఇంకా పిరందే సూపెట్టు తమ్మీ.”

ఇంకో డబ్బా తీస్తాడని ఆమె కాచుకుని చూసింది. ఫరూఖ్ మళ్లీ బిగించడానికి పాత ఆర్మ్‌నే చేతిలోకి తీసుకున్నాడు.

“జగిత్యాలల చెవుల డాక్టరున్నడు వదినా,” అన్నాడు మెల్లగా. పక్కనే ఉన్న రాజమల్లు తల తిప్పలేదు.

పిలిస్తే పలకకపోవడం ఇన్నాళ్లూ పొగరనుకుంది భూదమ్మ. లేచి భర్త చెవి దగ్గరికి వంగింది.

“జగిత్యాల పోదాం.”

“గాడ ఇంకా మంచి ఆర్మ్ దొరుకుతదా?” రాజమల్లు ముఖం విప్పారింది.

“దొరుకుతది,” అంది గట్టిగా, అతనికి వినబడేలా.

— కట్కం శాంతవ్వ, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడుండేది గంభీరావుపేటలో