దిగని గీతలు

గుండెలో నొప్పని వచ్చిన కుట్టుపని టీచరు, బల్ల మీద పడుకున్నాక కూడా ఒకటే మాట అంటోంది. "పొద్దున్నే ఫోనొచ్చింది డాక్టరుగారూ. మా అక్క పోయిందట."

"మాట్లాడకండమ్మా, గీతలు చెదిరిపోతాయి," అన్నాడు ఆ చిన్నాసుపత్రి డాక్టరు.

ఈసీజీ కాగితం మీద గీతలు పైకి లేచాయి. చూడగానే గుండెపోటే. కానీ గుండెపోటులో కొన్ని గీతలు లేస్తే, ఎదురుగా కొన్ని కిందికి దిగుతుంటాయి. ఇక్కడ ఒక్కటీ దిగలేదు. తట్టుకోలేని దుఃఖం తగిలిన గుండె కూడా ఇలాగే గీస్తుందని అతను చదివాడు. తేల్చి చెప్పే ఆసుపత్రి మూడు గంటల దూరం. నిజంగా గుండెపోటైతే అంతసేపు ఆగడానికి లేదు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, అంబులెన్సు ఎక్కించాడు.

మూడోరోజు ఆ పెద్దాసుపత్రికి ఆమెను చూడ్డానికి వెళ్ళాడు. ఆమెకు కుడిచెయ్యి పడిపోయింది, నోట మాట లేదు. ఆ మందు వల్లే మెదడులో రక్తం చిమ్మిందని అక్కడి డాక్టర్లు అతన్ని పక్కకు పిలిచి చెప్పారు.

ఆమె భర్త రిపోర్టు పట్టుకుని ఎదురొచ్చాడు. "గుండె రక్తనాళాల్లో ఎక్కడా అడ్డు లేదటండీ! మీ ఇంజెక్షనే మొత్తం కరిగించేసింది కదూ?"

కరగడానికి అసలు గడ్డే లేదనీ, అక్క పోయిన దుఃఖానికే గుండె అలా అయిందనీ అక్కడివాళ్ళు చెప్పగా డాక్టరుకు అప్పటికే తెలుసు.

"అవునండీ," అన్నాడు.

భర్త మంచం మీదికి వంగాడు. "విన్నావా? ఈయన లేకపోతే నువ్వు మాకు దక్కేదానివి కాదు. దణ్ణం పెట్టు," అంటూ, కదలని ఆ కుడిచేతిని తనే ఎత్తి ఎడమచేతికి జతచేశాడు.