డాబా మీది ఆఖరి గుంట

కొండమీది గోల్ఫ్ క్లబ్బులో సభ్యులకు, పోటీకి ఎంపికైన ఆటగాళ్లకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. అక్కడ జరిగే పెద్ద పోటీ మాత్రం వెలుగుబొమ్మై, ఊళ్లోని ప్రతి డాబా మీదా పచ్చగా పరచుకుంటుంది. వరహాలమ్మ డాబాపై, ఆరుతున్న వడియాల నడుమ, కొండమీద ఆడుతున్న ఆమె కూతురు పైడి వెలుగుబొమ్మగా ఆఖరి బంతికి గురిచూస్తోంది.

వరహాలమ్మ వడియాల గుడ్డను గబగబా పక్కకు లాగింది.

"వెలుగుబంతికి వడియాలు అడ్డేటప్పా?" పక్కింటి సూరప్పడు నవ్వాడు.

"దాని దారి దానికుండాలి. నువ్వూరుకో!"

బంతి గుంటలో పడింది. గెలిచిన పైడికి క్లబ్బు అధ్యక్షుడు అక్కడికక్కడే సభ్యత్వం ప్రకటించాడు.

"మా అమ్మ గేటు దాటలేని చోట నాకెందుకండీ?" అంది పైడి.

వరహాలమ్మ కూతురి చెంప నిమరబోయింది. చేతికి ఎండ తగిలింది.

"ఆ గేటు తీయనీ సూరప్పా," అంది కళ్లు తుడుచుకుంటూ, "ఎంత మైదానమో! వడియాలన్నీ అక్కడే ఎండేత్తాను."