ఒంటి కమ్మ

"దొంగసొమ్ము అమ్ముకునే కొట్టు ఇదేనా?"

పాత నగల దుకాణంలో అడుగు పెడుతూనే పెద్దావిడ వేసిన కేక అది. డెబ్బై అయిదేళ్ళుంటాయి. చేతికర్ర ఉంది గానీ, అది నడవడానికి కాదు, జనాన్ని బెదిరించడానికి. వెనకే కోడలు, "అత్తయ్యా, మెల్లగా!" అంటూ వచ్చింది. ఆ ఇంట్లో మెల్లగా అనే మాట ఆ పిల్లకి తప్ప ఎవరికీ వచ్చినట్టు లేదు.

కౌంటరు వెనక ఉన్నావిడ కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి లేచింది. దుకాణం ఆవిడదే. నలభై దాటి ఉంటాయి.

"కూర్చోండమ్మగారూ."

"కూర్చోడానికి రాలేదు! ఇది నాది!"

పెద్దావిడ పేపరు ముక్క ఒకటి బల్ల మీద విసిరింది. అందులో ఏడు కెంపుల కమ్మ ఫోటో. ఒక్కటే కమ్మ. కింద, 'దీని జత ఉన్నవారు రావచ్చు' అని ప్రకటన.

"మా అత్తగారు నాకు పెట్టిన కమ్మ. కింది కెంపు అంచు విరిగింది, చూడు. నలభై రెండేళ్ళ కింద నా ఇంట్లోంచి పోయింది. ఎవరమ్మారు నీకు? చెప్తావా, పోలీసుల్ని పిలవనా?"

"ముందు మీదో కాదో తేలాలి కదా. దీని మర ఉందా?"

ఎందుకు లేదు! పెద్దావిడ సంచిలోంచి చిన్న డబ్బా తీసి బోర్లించింది. జతలోని రెండో కమ్మ, రెండు మరలు బల్ల మీద పడ్డాయి.

"ఆ రోజుల్లో వెనక బిగించే మరలు చేత్తో కోసేవారు," దుకాణం ఆవిడ కోడలికి చెప్పింది. "ఏ రెండూ ఒక్కలా రావు. దేని మర దానికే పడుతుంది. జతదైనా సరే, ఎక్కదు."

ఒక మర తీసి, వాళ్ళు తెచ్చిన కమ్మకి పెట్టి చూసింది. అర చుట్టుకే బిగుసుకుపోయింది. అదే మరని సొరుగులోంచి తీసిన తన కమ్మకి పెట్టింది. వేలికొసతో తిప్పితే చివరిదాకా వెళ్ళింది.

"మీదే అమ్మగారూ. అనుమానం లేదు."

"అనుమానం నీకు. నాకెప్పుడుంది?"

"ఇచ్చేస్తాను. పైసా వద్దు. కాకపోతే పాత నగకి బరువు కంటే చరిత్ర ముఖ్యం. ఎవరిది, ఎలా పోయింది, కాగితం మీద ఉండాలి. మీరు చెప్పండి, నేను రాస్తాను. కింద సంతకం పెడితే చాలు."

ఊరికే ఇస్తానంటే ఎవరైనా చల్లబడతారు. ఈవిడ ఇంకా రాజుకుంది. నలభై రెండేళ్ళుగా ఆ కథ దొరికినవాళ్ళకల్లా చెప్తూనే ఉంది. రాసుకుంటానన్న మనిషి తగలడం ఇదే మొదలు.

"రాసుకో! స్నానానికి వెళ్తూ కమ్మలు తీసి అద్దం పెట్టె అరలో పెట్టాను. మరలు పళ్ళెంలో పెట్టాను. వచ్చేసరికి మరలు రెండూ ఉన్నాయి, కమ్మ ఒక్కటే ఉంది. కమ్మకి కాళ్ళొచ్చాయా? ఆ గదిలోకొచ్చింది పనిమనిషొక్కతే. నంగనాచి! తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం. అడిగితే 'నాకు తెలీదమ్మగారూ' అని ఒకటే ఏడుపు. మూట విప్పించాను. కొంగు దులిపించాను. రెండు చెంపలూ వాయించాను."

"ఒప్పుకుందా?" రాస్తూనే అడిగింది దుకాణం ఆవిడ.

"దొంగెక్కడైనా ఒప్పుకుంటుందా? పోలీసులకి పట్టించాను. ఆర్నెల్లు లోపల కూర్చుంది. 'చంకలో పసిబిడ్డ ఉంది కదే' అని మా ఆయన నసిగారు. ఉంటే? బిడ్డుందని దొంగని వదిలేస్తారా? బయటికొచ్చాక కూడా ఊరుకోలేదు నేను. నాలుగు వీధుల్లో ఎవరూ దానికి పనివ్వకుండా చూశాను."

"ఇల్లంతా ఒకసారి వెతికారా?"

"వెతకడం దేనికి? దొంగ కళ్ళెదురుగా ఉంటేనూ!"

కోడలు తల దించుకుంది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ వింటున్న కథే. కానీ ఒకరు కాగితం మీద పెడుతుంటే వినడానికి సిగ్గేసింది.

"ఆమె పేరు?"

"పేరా! పేరెవరికి గుర్తు? ఒసేయ్ అంటే పలికేది."

దుకాణం ఆవిడ చేతిలో కలం ఆగింది. తర్వాత ఇంకో ముక్క రాసి, కాగితం ఇటు తిప్పింది.

పెద్దావిడ చదవనైనా చదవలేదు. కాగితం చిరిగేంత గట్టిగా సంతకం గీకి, కమ్మ లాక్కుని గుప్పిట్లో పెట్టుకుంది.

"ఇప్పుడు చెప్పు. ఏ దొంగమొహం అమ్మింది నీకిది? అదేనా?"

కోడలు మాత్రం కాగితం చదువుతోంది. ఒకచోట ఆగిపోయింది.

"అత్తయ్యా, ఇక్కడ పనిమనిషి పేరు రాసి ఉంది." వంగి అత్తగారి చెవిలో చదివింది.

"ఆఁ, అదే! అదే దాని పేరు." పెద్దావిడ కర్ర నేలకేసి కొట్టింది. కొట్టాక గుర్తొచ్చినట్టుంది, గొంతు తగ్గింది. "నేను చెప్పలేదే. నీకెలా తెలుసు?"

దుకాణం ఆవిడ కోడలి చేతిలోంచి కాగితం తీసుకుంది. మడిచి సొరుగులో పెట్టి తాళం వేసింది.

"పోయిన నెల మీరు పాత సామాన్లవాడికి తోలేస్తే నేను కొన్న ఆ అద్దం పెట్టెలోనే, అడుగు చెక్క సందులో ఇరుక్కుని ఉందమ్మగారూ ఇన్నేళ్ళూ, మా అమ్మకి చూపిద్దామంటే ఆవిడ పోయి పదకొండేళ్ళయింది."