నోరులేనిది

పొద్దుట్నించీ ఇది ఆరోసారి. బూడిదరంగు గండుపిల్లి పెరట్లో ఇసక కుప్ప మీదికెళ్ళి కూర్చుంది. ఒళ్ళంతా బిగబట్టి ముక్కింది. సన్నగా మూలిగింది. అది లేచి పక్కకెళ్ళి కింద నాక్కుంటూ ఉంటే, సువార్తమ్మ వంగి చూసింది. ఇసక తడవలేదు.



గోడ అవతలి నుంచి విజయదుర్గ చూసింది. “వేడి చేసుంటుందండీ పిన్నిగారూ. ఈ తొంభై ఎనిమిదో సంవత్సరం ఎండలు మామూలుగా లేవు. కాసిని కొబ్బరినీళ్ళు పట్టండి, అదే సర్దుకుంటుంది.”

“అప్పుడూ వేడనే అనుకున్నామమ్మా,” అంది సువార్తమ్మ.

ఈత బుట్టలో పాత చీర పరిచి పిల్లిని పడుకోబెట్టింది. పశువులాసుపత్రికి కొత్తపేట వెళ్ళాలి. పలివెలలో బస్సు వచ్చేదాకా కూడా ఆగలేకపోయింది. రిక్షా కట్టించుకుంది. దారి పొడుగునా బుట్టలోంచి అదే మూలుగు. పదకొండేళ్ళుగా ఏ మధ్యాహ్నమైనా కాస్త కునుకు పడితే, వసారాలోంచి ఆమెకి వినిపించేది ఆ మూలుగే. లేచి తలుపు తీస్తే అక్కడ ఏమీ ఉండదు.

పశువుల డాక్టరు కొండలరావు పిల్లి పొట్ట నొక్కి చూశాడు. మొహం మారింది.

“మూత్రం నిండిపోయి లోపల రాయిలా ఉందమ్మా. బయటికొచ్చే దారి పూడుకుపోయింది.”

మత్తిచ్చి సన్నటి గొట్టం ఎక్కించాడు. ముందు నెత్తురు చుక్కలు. తరవాత ధార. సువార్తమ్మ బల్ల అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

“రేపటిదాకా ఆగుంటే దక్కేది కాదు,” అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ. “అందరూ మలబద్ధకమనుకుని ఆముదం పోస్తారు. ఆఖర్న తెస్తారు. మీకెలా తెలిసిందమ్మా?”

“మా చిన్నతల్లి మూలానండి. అదీ నోరులేనిదే.”

“దానికీ ఇలాగే అయిందా?”

“ఆయ్. మాటిమాటికీ పెరట్లోకి పరిగెత్తేదండి. రెండు చుక్కలు పడేవి, మూలిగేది. దుప్పట్లు తడిపేస్తోందని నేనే ఒక్కటేసి, వసారాలోకి గెంటి తలుపేశానండి. తిండి ముట్టకపోతే అలిగిందనుకున్నాను. మూడోనాటికి వాంతులు. ఒళ్ళు పెనంలా కాలిపోయింది. నా ఒళ్ళో తల పెట్టుకుని, నా మొహంలోకే చూస్తా పోయిందండి.”

“మీరేం చేస్తారమ్మా,” అన్నాడు కొండలరావు. “ మూగజీవాలు చెప్పుకోలేవు కదా. అప్పటికి దాని వయసెంత?”

“పద్నాలుగు నిండినాయండి.”

“పద్నాలుగేళ్ళా? పిల్లి అన్నాళ్ళు బతకడం మాటలు కాదు. ఎంతో బాగా చూసుకునుంటారు,” అన్నాడాయన ఓదార్పుగా.

సువార్తమ్మ మత్తులో ఉన్న పిల్లి తల నిమిరింది.

“చిన్నతల్లి పిల్లి కాదండి,” అంది, “నా కడుపున పుట్టిన పిల్ల.”