ఒకటో తారీఖు జీతం

"కొట్టు పెట్టి ఎన్నాళ్లైందమ్మా?"

"పధ్నాలుగు నెలలండీ."

లోను ఆఫీసరు నవ్వాడు. పసిపిల్ల తప్పటడుగులు చూసి నవ్వే నవ్వు కాదది, పడితే చూద్దామని నవ్వే నవ్వు. ఆమె ఇచ్చిన ఫైలును పెన్ను కొసతో వెనక్కి నెట్టాడు. దాని తాడైనా విప్పలేదు.

"రెండేళ్లు నిండాలి. అప్పుడు రండి."

ఆ ఫైలు కట్టడానికి ఆమెకు వారం పట్టింది. రసీదులు, పన్ను కాగితాలు, ఆసుపత్రివాళ్లిచ్చిన కర్టెన్ల ఆర్డరు. చదివింది తొమ్మిదో తరగతే అయినా, ఒక్క కాగితం తలకిందులు కాకుండా పేర్చింది.

శుక్రవారంలోపు లోను వస్తుందని బ్యాంకు రాసివ్వకపోతే, వాళ్లు కొనాలనుకున్న రెండు గదుల ఇల్లు ఇంకొకరి పాలవుతుంది. అద్దె గదిలో గోడల చెమ్మకి, చంకలో ఉన్న పిల్ల ఏడాదిగా దగ్గుతూనే ఉంది.

"బంగారంలాంటి ఫ్యాక్టరీ ఉద్యోగం మానుకుని కర్టెన్లు కుట్టుకోవడమేంటమ్మా! ఇవాళ గిరాకీ ఉంటుంది, రేపు ఈగలు తోలుకుంటారు. అప్పుడు మా బ్యాంకు ఏం తోలుకోవాలి?" తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

అతని వెనక కిటికీ కర్టెన్ ఒక పక్క జానెడు పొట్టిగా వేలాడుతోంది. కుట్టినవాడెవడోగానీ, రెండేళ్లు నిండినవాడే అయ్యుంటాడనుకుంది.

అంతవరకూ కుర్చీ అంచున కూర్చున్న ఆమె భర్త, చొక్కా జేబులోంచి మడతపెట్టిన చీటీలు తీశాడు.

"నాకు జీతం వస్తుంది సార్. వ్యాను డ్రైవర్ని."

ఆఫీసరు మొహంలో దీపం వెలిగింది. "ముందే చెప్పరేం సార్! సరిగ్గా కూర్చోండి. టీ తాగుతారా?"

ఆరు నెలల జీతం చీటీలు. ఒక్కొక్కటే వెలుతురుకి పెట్టి మురిసిపోయాడు.

"చూశావామ్మా? ప్రతి నెలా ఒకటో తారీఖే! ఆదాయమంటే ఇదీ. ఇంట్లో ఉద్యోగస్తుణ్ని పెట్టుకుని నీ చిత్తుకాగితాలు మోసుకొచ్చావెందుకు?"

ఆమెకు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అతనికి టీ వచ్చింది.

"మీ యజమాని ఎలాంటివారు సార్?"

"పని దగ్గర చండశాసనం. జీతం మాత్రం ఒక్క రోజు దాటనివ్వరు."

ఆమె పిల్ల సాక్సు సరిచేస్తూ తలెత్తలేదు.

"అలాంటి పెద్దమనుషులుండబట్టే మా బ్యాంకులు నడుస్తున్నాయి. ఆయనకొక్క ఫోను చేసి కనుక్కుంటాను. ఆయన ఊఁ అంటే లోను వచ్చేసినట్టే."

పిల్ల దగ్గు అందుకుంది.

"కాస్త బయటికి తీసుకెళ్లమ్మా. పెద్దవాళ్లతో మాట్లాడాలి."

ఆమె వెళ్లి అద్దాల తలుపు అవతల నిలబడింది. లోపల ఆఫీసరు టై సర్దుకున్నాడు. వీపు నిటారుగా పెట్టాడు. చీటీ మీది నంబరు చూస్తూ ఒక్కో అంకే నొక్కి, వినయంగా నవ్వడానికి పెదాలు సిద్ధం చేసుకున్నాడు.

చేతిసంచిలో మోగుతున్న ఫోను తీసి, పిల్లను రెండో చంకకి మార్చుకుని, ఆమె నింపాదిగా "నమస్కారం సార్, ఆ డ్రైవరుకి జీతమిచ్చేది నేనే, అడగండి" అంది.