మట్టి పరీక్ష

కాలుష్యం కనిపెట్టడానికి వచ్చిన ఆఫీసరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని మరీ మందార మొక్కను మెచ్చుకున్నాడు.

"ఎంత నిగనిగలాడుతోందండీ! ఈ నేలకేమైంది?"

"మా ఫ్యాక్టరీ మట్టి బంగారం సార్!" అన్నాడు మేనేజర్ చలపతిరావు.

తోటమాలి సారలమ్మ నీళ్ల పైపు పట్టుకుని వింటోంది. నాచారంలోని ఆ రంగుల ఫ్యాక్టరీ గోడకు అవతల, ఆమె మొగుడు చంద్రయ్య కౌలు నేలలో వేసిన పాలకూర వేళ్లు నల్లబడి మూడోసారి చచ్చిపోయింది. ఆఫీసరు వచ్చింది చంద్రయ్య అర్జీ మీదే. గోడవతలికి మాత్రం పోలేదు. అక్కడ బురదట!

లోపల నాటిన మొక్కలూ వారంలో మాడిపోయేవి. "ఇంకొక్కటి చచ్చిందంటే నీ ఉద్యోగం పోయినట్టే" అని చలపతిరావు బెదిరించాక, సారలమ్మ దూరాన ఉన్న కీసర నుంచి మంచి మట్టి మోసుకొచ్చి కుండీల్లో నింపి మొక్కలు పెట్టి, కుండీలతో సహా పాతేసింది. ఆ తర్వాత ఒక్కటీ చావలేదు.

ఆఫీసరు మందార మొదట్లో గుప్పెడు మట్టి తీసి సంచిలో వేసుకున్నాడు. "పరీక్షకు ఇది చాలు."

సారలమ్మ ఆ సంచి వైపు చూసింది. తాను మోసుకొచ్చిన మట్టే తన పాలకూర మీద దొంగసాక్ష్యం చెప్పబోతోంది.

"ఏం చూస్తున్నావ్? సార్ సంచి కారులో పెట్టు," అన్నాడు చలపతిరావు.

ఆమె పైపు పడేసి, మందారను కుండీతో సహా పెకిలించింది.

"సారలమ్మా! ఉద్యోగం అక్కర్లేదా నీకు?"

ఆమె అటు చూడకుండా ఆఫీసరు వైపు తిరిగింది.

"గీ చెట్టు గూడ మీ లెక్కనే సారూ, గీ నేలను ముట్టకుంట బతికింది. ఇగో, గీ గుంతల చెయ్యి పెట్టి తియ్యుర్రి మట్టి."